పేర్లు తూచే త్రాసు

ఆ నేలకి పేరు లేక కాదు గొడవ. రెండు పేర్లున్నాయి, అదే చావొచ్చిపడింది.

పాత డెల్టా సముద్రంలో కలిసిపోయాక ఏటి మొగలో కొత్త ఒండ్రు లేచింది. ముందు చూసింది చేపలవాళ్ళు. పడవలు కట్టేసి, గంగమ్మకి కోడిని కోసి, గంగదిబ్బ అన్నారు. వాళ్ళ వెనకే పొలాలు మునిగిన రైతులొచ్చారు. గట్లు పోసి, ఉప్పు కడిగి, వరి పండించి, బంగారుమేట అన్నారు. తాతల కాలంలో అదంతా వేళాకోళం. పేరు గొప్ప ఊరు దిబ్బ అని వీళ్ళు వాళ్ళనీ, మేట వేస్తే చేను చచ్చినట్టేగా అని వాళ్ళు వీళ్ళనీ ఆటపట్టించుకునేవారు. మనవల కాలానికి ఆ వేళాకోళమే కత్తి పట్టింది. ఏరు దాటే పంటు ఎక్కుతుంటే "ఎక్కడికి?" అని అడిగినవాడి మొహం చూసి జవాబు చెప్పాల్సిన రోజులొచ్చాయి. తెలివైనవాళ్ళు "అటు" అని ఊరుకునేవారు.

సత్యవేణికి ఆ రెండు పేర్లూ అక్కర్లేదు. ఆమెకి మూడోది కావాలి, అమావాస్య పోటు లోపల కావాలి. లేకపోతే కూతురు దక్కదు.

శాంతి ఒప్పందం అంతా సిద్ధంగానే ఉంది. నీళ్ళు, చేపలు, గట్లు, పన్నులు, అన్నీ తెగాయి. మొదటి వాక్యం ఒక్కటే తెగలేదు. 'ఈ ఒప్పందం ఫలానా నేలకు సంబంధించినది' అన్నచోట ఆ ఫలానా ఏమిటో రాయడానికి ఎవరూ ఒప్పుకోరు.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందయ్యా మీ యవ్వారం," అని సత్యవేణి తల్లి శేషారత్నం, చర్చల కార్యదర్శి పరాంకుశం మొహం మీదే అంది.

పరాంకుశం రెండు పక్షాలకీ బయటివాడు, నెమ్మదస్తుడు, ఎవరి మీదా విసుక్కోడు. "నిజమేనమ్మా. కానీ ఇక్కడ ముందు పేరు పెడితేనే కొడుకు పుడతానంటున్నాడు," అన్నాడు.

ఇంతలో దిబ్బ కుర్రాళ్ళు కొందరు తుపాకులతో పంటును ఆపారు. అందులోవాళ్ళని ఏటి మొగ దగ్గర, ఎప్పుడో వదిలేసిన ఉప్పుకొట్టులోకి తోలారు. ఒప్పందం తేలి, దాని మీద తమ పెద్ద ఎల్లాజీ సంతకం చూస్తేనే వదులుతామన్నారు. ఆ పంటులో రువీల ఉంది. పదిహేడేళ్ళ పిల్ల. అమావాస్యకి సముద్రం పోటెత్తితే ఉప్పుకొట్టు చూరు దాకా మునుగుతుందని అందరికీ తెలుసు. ఆ మాటే కబురంపితే, "పోటు మా చేతుల్లో ఉందా?" అని బదులొచ్చింది.

రువీల అన్న మాటకి అర్థం లేదు. కావాలనే అలా పెట్టారు. సత్యవేణి మేట రైతు ఇంటి పిల్ల. మనిషి చెవిన ఏ శబ్దం పడితే గుండె ఎలా తడబడుతుందో చదువుకున్న శాస్త్రవేత్త. మొగుడు నూకరాజు దిబ్బ మనిషి, పడవ ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ. ఆ పెళ్ళికి రెండువైపులా శాపనార్థాలు పెట్టారు. దిబ్బవాళ్ళు నూకరాజు షెడ్డు తగలబెట్టి, వాడు మావాడు కాడన్నారు. కడుపులో బిడ్డ పడ్డాక మొగుడూ పెళ్ళాలకి ఒకటే బెంగ పట్టుకుంది. ఈ నేల మీద పేరు చెప్తే చాలు, పక్షం తెలిసిపోతుంది. రేపు ఈ బిడ్డని ఎవడైనా నీ పేరేంటని అడిగితే?

ఆ బెంగలోంచి పుట్టిందే త్రాసు. ఆమె లెక్కలు వేసింది, అతను తీగలు బిగించాడు. కుర్చీలో కూర్చుని, రెండు అరచేతులూ రెండు ఇత్తడి రేకుల మీద ఆనించి, మెడ వెనక పట్టీ కట్టుకోవాలి. చెవిలో పేరు వినిపిస్తుంది. మనసు తేరుకునే లోపలే ఒళ్ళు ఏదో ఒకటి అనేస్తుంది, నాది అనో, పరాయిది అనో. ఎదురుగా ముల్లు అటో ఇటో వాలుతుంది. ముల్లు పైన చిన్న దీపం. ఆ పేరు మనిషిలో ఎంత బరువుగా ఉంటే దీపం అంత వెలుగుతుంది. అమ్మమ్మనీ నానమ్మనీ కాబోయే ఇద్దర్నీ, అంటే తన తల్లి శేషారత్నాన్నీ అత్త పోలమ్మనీ, పక్కపక్కన కూర్చోబెట్టి, ముల్లు కదలని శబ్దం కోసం వెతికి వెతికి ఆ పేరు పట్టుకున్నారు. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి నూకరాజు వేలితో రాశాడు. రువీల.

త్రాసు కడుతున్న రోజుల్లోనే ఒక పొరపాటు జరిగింది. నూకరాజు ఒక స్విచ్చుకి రెండు తీగలు తారుమారుగా బిగించి తనే కుర్చీలో కూర్చుని, తన పడవ పేరు పెట్టుకుని విన్నాడు. చిట్టితల్లి దాని పేరు. తండ్రి చెక్కించిన పడవ, దాన్ని బిడ్డలా చూసుకునేవాడు. కాసేపటికి దీపం ఆరిపోయింది. లేచి రేవుకి వెళ్ళి పడవని చూసి తిరిగొచ్చాడు.

"అది నాదేనని తెలుసు వేణీ. మా అయ్య సేయించిందనీ తెలుసు. కానీ పిలిస్తే లోపల ఎవరూ పలకట్లేదు," అన్నాడు.

ఆ వారమే ఎవరో అడిగితే అమ్మేశాడు. బాధ కూడా పడలేదు. ఆ తరవాత ఆ స్విచ్చుకి గుడ్డ చుట్టి, తాడుతో బిగించేశాడు. అది వేస్తే త్రాసు పేరుని తూచదు, దాని బరువునే మనిషిలోంచి లాగేస్తుందని తెలిసి మళ్ళీ దాని జోలికి పోలేదు.

ఇప్పుడు ఆ త్రాసు దిబ్బ ఊళ్ళనీ మేట ఊళ్ళనీ కలిపే వారధి నడిమధ్య పాడుబడ్డ ఐసు ఫ్యాక్టరీలో ఉంది. అది ఏ పక్షానికీ చెందని చోటు. ఇంట్లోవాళ్ళంతా అక్కడే తలదాచుకుంటున్నారు. నేలకి పేరు వెతికిపెడితే వెంటనే సంతకాలవుతాయని పరాంకుశం మాటిచ్చాడు. సత్యవేణి తిండి మానేసి వెతికింది. ముల్లు కదలని శబ్దాలు చాలానే దొరికాయి. ఒక్కటీ పెద్దల దగ్గర నిలవలేదు.

ఆ పొద్దున కుర్చీలో ఎల్లాజీ కూర్చున్నాడు. సరుగుడు మానులా నిటారుగా ఉండే మనిషి. చెవిలో 'తవిర' అని వినిపించింది. ముల్లు నిక్కచ్చిగా మధ్యలో నిలబడింది. దీపం మాత్రం మిణుకుమంది.

ఎల్లాజీ చేతులు తీసేశాడు. "ఇదేం కూతమ్మా? పిట్ట కూసినట్టుంది."

"ఏ పక్షానికీ వాలదు బాబాయ్. మీరే చూశారుగా."

"వాలదు. దేనికి వాలుద్దీ, అందులో ఏముందని?" ఆయన మెడ వెనక పట్టీ విప్పేశాడు. "మా తమ్ముణ్ణి ఈ మట్టిలోనే పాతిపెట్టా. ఆడి మీద పోసిన మట్టికి ఈ ఉత్తకూత పేరెడతావా?"

మేట పెద్ద వీరభద్రం మధ్యాహ్నం వచ్చి సరిగ్గా ఆ మాటే అన్నాడు. ఆయనకి పోయింది కొడుకు. పాపం, ఇద్దరూ ఒకేలాగ ఏడ్చినవాళ్ళు, కాకపోతే ఒకచోట కూర్చుని ఏడవలేదు.

సత్యవేణికి అప్పుడర్థమైంది. ఖాళీ పేరు వీళ్ళకి పనికిరాదు. బరువుండాలి, వాలకూడదు. అలాంటిది ఈ లోకంలో ఉంటుందా? కిటికీలోంచి చూస్తే ఏరు అప్పటికే గట్టెక్కి వస్తోంది. 

వాళ్ళు వెళ్ళాక, పరీక్షలకి ఎప్పుడూ కూర్చునే అలవాటున పోలమ్మ కుర్చీలో కూలబడింది. చేతులు రేకుల మీదున్నాయి, మెడకి పట్టీ కూడా తగిలించుకునే ఉంది. పక్కన శేషారత్నం మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది.

"ఏం తిందో, ఏటో నా రువీల," అంది పోలమ్మ తనలో తను.

దీపం భగ్గున వెలిగింది. గది గోడల మీద వెలుగు పడింది. ముల్లు మాత్రం వెంట్రుకవాసి కదలలేదు.

సత్యవేణి చూసింది. గుమ్మంలో నూకరాజు కూడా చూశాడు. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది, ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు.

"అది మనం మన పిల్ల మీద పెంచుకున్న ప్రేమ వేణీ. ఊళ్ళోవాళ్ళకేం తెలుసు?" అన్నాడతను చివరికి.

కానీ ఊళ్ళోవాళ్ళకీ తెలుసు, అదే విచిత్రం. రెండువైపులా ఎండుచేపలమ్ముకునే ముసలామె ఒకత్తి ఆ పంటులోనే చిక్కుకుంది. జబ్బుపడిందని కుర్రాళ్ళు ఆమెని వదిలేశారు. ఆమె వారధికి అటూ ఇటూ ఉన్న రెండు పక్షాల శిబిరాలకీ వెళ్ళి ఒకటే కథ చెప్పింది. కుర్రాళ్ళు జనాన్ని పేర్లని బట్టి విడదీశారంట. మేట పేర్లవాళ్ళని గాలాడని లోపలి గదిలోకి, తక్కినవాళ్ళని బయటి గదిలోకి. ఒక పిల్ల పేరు మాత్రం ఏ గదికీ సరిపోలేదంట. ఎటూ తేల్చుకోలేక నీళ్ళు మొయ్యమన్నారంట.

"రువీల అంట తల్లీ. లోపలోళ్ళకీ బయటోళ్ళకీ ఒకే కడవ తిప్పుద్ది. నాకు జ్వరమొస్తే కొంగు తడిపి నుదుటి మీదేసింది. మీదేవైపే అంటే నవ్వుద్ది," అని ముసలామె కళ్ళొత్తుకునేది.

ఆ పిల్ల బతికి రావాలని మేట ఆడవాళ్ళు తులసికోట దగ్గర దీపం పెట్టారు. దిబ్బ ఆడవాళ్ళు గంగమ్మకి చీర మొక్కారు. ఎవరి పిల్లో తెలియక ఎవరికి వాళ్ళు మన పిల్లే అనుకున్నారు. ఆ మాటలు చెవిన పడుతున్నా ఐసు ఫ్యాక్టరీలో ఈ నలుగురూ నోరు మెదపలేదు. నూకరాజు కూతురని తెలిస్తే ఆ పిల్లని ఏ గదిలో పెడతారో ఆలోచించడానికే భయం.

"ఆ పేరే దాన్ని బతికిస్తోంది వేణీ," అన్నాడు నూకరాజు. "దాన్ని తీసుకెళ్ళి బజార్లో పెడతానంటావేంటి? నేలకి పెట్టిన పేరు మీద రేపు తిట్లు తిడతారు, జెండాలు కుట్టుకుంటారు. పిల్లకేం మిగులుద్ది?"

"పిల్ల మిగుల్తుంది."

"అది వచ్చి నా పేరెక్కడ నాన్నా అని అడిగితే?"

"అడగనీ రాజూ. అడగడానికి ముందు రానీ," అంది సత్యవేణి. ఆ మాటతో ఆమె గోడకి ఆనుకుని ఏడ్చేసింది. నూకరాజు వెళ్ళి కుర్చీ రేకులు తుడిచాడు.

రెండు శిబిరాల నుంచీ జనాన్ని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. ముసలివాళ్ళు, బాలింతలు, కొడుకులు పోయినవాళ్ళు. ఎవరు కూర్చున్నా దీపం వెలిగింది, ముల్లు నిలిచింది. వీరభద్రం కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికెళ్ళాడు.

"నీళ్ళు మోసే పిల్ల," అన్నాడు. "పెట్టండి. మావాడు చచ్చిపోయేటప్పుడు నీళ్ళడిగాడంట."

ఎల్లాజీ కళ్ళు తుడుచుకుని తలూపాడు. ఒక్క షరతు మాత్రం ఇద్దరూ పెట్టారు. ఆ పేరు ఏ పక్షానిదీ కాకూడదు. పరాంకుశం అదే రోజు రేడియోలో చెప్పించాడు. నేల పేరు రువీల, సంతకాలు అమావాస్య పొద్దున, పోటుకి ముందే.

సత్యవేణి ఇద్దరు ముసలమ్మల చేతా ఒట్టేయించుకుంది. ఎవరొచ్చినా, ఏమడిగినా, ఆ పిల్ల మీకు తెలియదు. అమావాస్య దాటేదాకా అంతే. పోలమ్మ గంగమ్మ మీదా, శేషారత్నం తన మాంగల్యం మీదా ఒట్టేశారు.

అంతా ఆలోచించిన సత్యవేణి ఒక్కటి మరిచిపోయింది. యంత్రాలతో బతికేవాళ్ళు మరిచిపోయేదే అది. ఆ నేల మీద మేటవాళ్ళకీ దిబ్బవాళ్ళకీ ఇద్దరికీ ఉన్న ఆచారం ఒకటుంది. బతికున్న మనిషి పేరు ఇంకొకరికి పెట్టాలంటే, ఆ ఇంటికెళ్ళి పసుపు కుంకుమలతో పేరడగాలి. ఇంటి పెద్దావిడ 'ఇచ్చాం' అనాలి. మూడుసార్లు అడిగినా ఎవరూ ఇవ్వకపోతే అది దిక్కులేని పేరు. దాన్ని తీసుకుంటే అసలు మనిషి ఆయుష్షు తెగుతుందని నమ్మకం.

సంతకాల ముందురోజు రెండు శిబిరాల ఆడవాళ్ళూ పళ్ళేలతో వారధి మీదికి వచ్చారు. అన్నేళ్ళలో ఒకరికొకరు అంత దగ్గరగా నిలబడటం అదే మొదలు. నీళ్ళు మోసే పిల్ల చల్లగా ఉండాలి కాబట్టే వచ్చారు, వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు. ఆ పిల్ల ఇల్లెక్కడో తెలియదు కాబట్టి, పేరు తూచిన ఫ్యాక్టరీ ముందే నిలబడి ఒక పెద్ద ముత్తైదువ గొంతెత్తింది.

"పేరడగొచ్చామమ్మా. రువీల పేరింటివాళ్ళెవరు?"

ఎవరూ పలకలేదు. పోలమ్మ గుమ్మం పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. సత్యవేణి లోపలినుంచి పరిగెత్తుకొచ్చి ఆమె భుజం పట్టుకుంది.

"పేరింటివాళ్ళెవరు?"

"అత్తా, వద్దు. నీకు దణ్ణం పెడతా."

"మూడోసారి అడుగుతున్నాం తల్లీ. పేరింటివాళ్ళెవరు?"

పోలమ్మ కోడలి చెయ్యి విదిలించుకుని లేచింది. "ఉన్నారు! దిక్కులేని పిల్ల కాదు నా మనవరాలు! ఇచ్చాం!" అని అరిచింది. "ఇచ్చామమ్మా, నూరేళ్ళు బతకమనండి!"

పళ్ళేలు పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. పోలమ్మ కట్టూ, మాటా, ముక్కుకి బులాకీ, చెప్పనక్కర్లేకుండా దిబ్బ మనిషినని చెప్తున్నాయి.

"అయితే అది దిబ్బ పిల్లా?" అంది ఒక మేట ఆవిడ.

పైనుంచి శేషారత్నం మోకాళ్ళు పట్టుకుని మెట్టు మెట్టూ దిగుతూ అరుస్తోంది. "ఆగండే! మా ఇంటి పిల్ల కూడానే! నేనూ ఇచ్చాను! నా కూతురు కన్న పిల్లే అది!" ఆమె కిందికి చేరేసరికి వినేవాళ్ళు లేరు. కుంకుమ నేల మీద ఒలికి ఉంది. వారధికి అటు చివర దిబ్బ పిల్ల పేరంట అని ఒక కేక, ఇటు చివర మేటదాని కడుపున పుట్టిందంట అని ఇంకో కేక.

"వదినా, నే సెడగొట్టేశానా?" అంది పోలమ్మ.

శేషారత్నం ఆమె పక్కనే కూలబడింది. "నువ్వు ముందన్నావు, అంతే వదినా. మోకాళ్ళు బాగుంటే నేనే అనేసేదాన్ని."

అమావాస్య పొద్దున్నే పెద్దమనుషులిద్దరూ మొహాలు గంటుపెట్టుకుని వచ్చారు. వీరభద్రం కుర్చీలో కూర్చున్నాడు. రువీల అని వినగానే ముల్లు ఒరిగిపోయింది. ఎల్లాజీ కూర్చుంటే రెండోవైపు ఒరిగింది. యంత్రం అబద్ధం చెప్పదు. మనుషులైనా కొన్నిసార్లు అబద్ధం చెప్తే బాగుండును.

"సంతకం లేదు," అన్నాడు వీరభద్రం.

పరాంకుశం చేతులు జోడించాడు. "అయ్యా, మధ్యాహ్నానికి పోటు. అక్కడ మనుషులున్నారు. రెండువైపులవాళ్ళూ ఉన్నారు."

"మా కుర్రాళ్ళకి నేను ఉత్తి మాట చెప్తే వినరు బాబూ," అన్నాడు ఎల్లాజీ. "సంతకం సూపించాలి. ఈ పేరు కింద పెడితే ఆ సంతకాన్నీ సింపేస్తారు. ఇదిగో మా ముసల్దీ, అదిగో వాళ్ళ ముసల్దీ, ఇద్దరూ మాది మాది అంటున్నారు. ఆ లాగులాట ఉన్నన్నాళ్ళూ అది నేల పేరెలా అవుద్ది?"

సత్యవేణి అప్పటిదాకా గోడ పక్కన నిలబడి ఉంది. "మేము మాది అనకపోతే?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు, నూకరాజుకి తప్ప. అతను పెళ్ళాం చూపు ఎక్కడుందో చూశాడు. గుడ్డ చుట్టిన స్విచ్చు మీదుంది.

"వద్దు వేణీ."

"పిల్ల ఉంటుంది రాజూ. మొహం గుర్తుంటుంది. అన్నీ గుర్తుంటాయి. పేరు ఒక్కటే..."

"నా పడవ కూడా నాకు గుర్తుంది," అన్నాడు నూకరాజు. "అమ్మేశాను."

కిటికీ అవతల నీళ్ళు వారధి స్తంభాల మీద పాకుతున్నాయి. దూరంగా ఉప్పుకొట్టు కనపడుతోంది, గోడల అడుగు అప్పటికే నీళ్ళలో ఉంది. నూకరాజు అటు చూసి, జేబులోంచి కత్తి తీసి, తనే ఆ తాడు కోశాడు.

పోలమ్మ ముందుకొచ్చింది. "సేసింది నేను. ముందు నన్నే కూకోబెట్టండి." చెవిలో మనవరాలి పేరు మోగుతుంటే ఆమె పెదాలు కదిలాయి. భగ్గుమన్న దీపం కొంచెం కొంచెం కుంగి ఆరిపోయింది. లేచి, "దాహమేస్తంది," అంది మామూలుగా. తరవాత శేషారత్నం కూర్చుని, లేచి, నూనె సీసా కోసం వెతుక్కుంది. పెద్దమనుషులిద్దరూ తలలు దించుకున్నారు. ఆపమని మాత్రం ఇద్దరూ అనలేదు. నూకరాజు కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. దీపం ఆరడానికి అతనికే ఎక్కువసేపు పట్టింది.

చివరికి సత్యవేణి. పట్టీ కట్టుకుంది. స్విచ్చు నొక్కాల్సింది నూకరాజు. కాసేపటి క్రితం ఆ చెయ్యి తాడు కొయ్యడానికి వణికిపోయింది. ఇప్పుడు వణకలేదు. ఇంజను స్విచ్చు వేసినట్టు వేశాడు. అది చూసి ఆమెకి గుండె పగిలింది.

రువీల, అని వినిపించింది. పళ్ళెంలో బియ్యం మీద నూకరాజు వేలు. రువీల. బడిలో హాజరు పిలిస్తే లేచి నిలబడ్డ రెండు జడలు. రువీల. వీధిలో ఆడుకుంటుంటే చీకటి పడుతోందని గుమ్మంలోంచి వేసిన కేక, ఆ కేకకి పరిగెత్తుకొచ్చిన మట్టికాళ్ళు. ఆమె ఒక్కొక్కటీ గుప్పిట్లో బిగించి పట్టుకుంది. వదలనంది. బొమ్మలు పోలేదు, ఉన్నాయి. పేరు మాత్రం వాటి మీద నుంచి ఊడిపోతూ వచ్చింది, తడిసిన గోడ మీద సున్నం ఊడినట్టు. రువీల. రు, వీ, ల. ఎవరో ఏదో అంటున్నారు. దీపం ఆరింది.

"అయిందా?" అంది సత్యవేణి.

పెద్దమనుషులు మళ్ళీ కూర్చున్నారు. ఇద్దరికీ ముల్లు నిలబడింది. దీపం చక్కగా వెలిగింది. ఆ పేరు ఇప్పుడు నేలంతటికీ బరువే, ఆ నలుగురికి తప్ప. సంతకాలయ్యాయి. ఎల్లాజీ కాగితం పట్టుకుని పడవెక్కాడు.

మధ్యాహ్నం పోటు ఎక్కుతుండగా పడవలు తిరిగొచ్చాయి. నడుముల దాకా తడిసిన జనం, ఉప్పుకి పగిలిన పెదాలు. అందరూ ప్రాణాలతో ఉన్నారు. వారధి నిండా రెండువైపులవాళ్ళూ కలిసిపోయి నేల పేరు పెట్టి జేజేలు కొడుతున్నారు. వీరభద్రమూ కొడుతున్నాడు, పరాంకుశం ఏడుస్తున్నాడు.

సత్యవేణి జనాన్ని తోసుకుంటూ రేవులోకి దిగింది. చివరి పడవలో బక్కచిక్కిన పిల్ల చంకలో ఖాళీ కడవతో కూర్చుని ఉంది. ఆ మొహం చూడగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. నీళ్ళలోకి దూకి పిల్లని వాటేసుకుంది. ఉప్పు వాసన, జ్వరం వేడి, పక్కటెముకలు. ఇది నా పిల్ల. దేవుడా, ఇది నా పిల్లే.

"అమ్మా, వీళ్ళంతా నా పేరెందుకరుస్తున్నారు?" అంది పిల్ల, తల్లి భుజంలో మొహం దాచుకుని. "పడవలోంచి వింటుంటే భయమేసింది. అన్ని గొంతుల్లో అది నాది కాదనిపించింది."

"తరవాత చెప్తా తల్లీ. పద, ముందు గంజి తాగుదువుగాని."

"ఒక్కసారి నువ్వు పిలువమ్మా. ఆ కొట్టులో రోజూ అదే అనుకున్నా. అమ్మ గుమ్మంలోంచి పిలుస్తోందీ, వెళ్ళాలీ అనుకుంటే నీళ్ళు మొయ్యగలిగేదాన్ని."

సత్యవేణి పిల్ల మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది.  ఆ మాట ఏదో ఆమెకి తెలుసు, పొద్దున కాగితం మీద కూడా చూసింది.

"రువీల," అంది.

పంటువాడు రేవు పేరు చెప్పినట్టు వచ్చింది. లోపల ఎవరూ పలకలేదు.

పిల్ల కాసేపు తల్లి కళ్ళలోకి చూసింది. తరవాత తల తిప్పి వెనక ఉన్న నేల వైపు, దాని గట్ల వైపు, జేజేలు కొడుతున్న జనం వైపు చూసింది.

"ఊరిని కాదమ్మా," అంది. "నన్ను పిలువు."